మడతల బల్ల మీద నలభై పుస్తకాలు

జూన్ 2, సోమవారం

నువ్వు అబద్ధాలకోరువి. అవును, నిన్నే. ఈ డైరీ నాది, తెరవమని నిన్నెవరూ బొట్టు పెట్టి పిలవలేదు. తెరిచావు కాబట్టి పడు. చదవని పుస్తకాన్ని చదివానని ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పి ఉంటావు? అట్ట చూసి, అట్ట వెనక నాలుగు ముక్కలు చూసి, ఎవరో పొగుడుతుంటే తలాడించి, "అబ్బ, అదా! అద్భుతం" అనలేదూ? అన్నావు. నీలాంటివాళ్ళ వల్లే మంచి పుస్తకాలు అరల్లో బూజు పట్టి చస్తున్నాయి, చెత్త పుస్తకాలు చేతులు మారుతున్నాయి.

సరే, విషయానికి వస్తాను. ఇవాళ ఆఫీసరు స్వయంగా మా లాండ్రీకి దిగి వచ్చాడు. ఇంత పెద్ద ఆసుపత్రికి పరిపాలనాధికారి అయ్యుండి, దుప్పట్ల స్టోరు గుమాస్తా బల్ల ముందు నిలబడ్డాడు. నేను లేవలేదు. లేచే అలవాటు నాకు లేదు.

"మేడమ్, మీరు బాగా చదివినవారు. పఠనగది కార్యదర్శి కూడా మీరే. తప్పక చదవాల్సిన పుస్తకాలు ఓ నలభై, కారణాలతో సహా రాసివ్వండి. మిగతాది నేను చూసుకుంటాను" అన్నాడు.

ఇరవై రెండేళ్ళుగా గోడపత్రికలో గొంతు చించుకుంటున్నాను, ఏది చదవాలో చెప్పే జాబితా ఒకటి ఉండాలని. ఇన్నాళ్ళకి ఒకడికి వినపడింది. మా గదిలో ఉన్నవి ఆరువందల పన్నెండు పుస్తకాలు, సగం చిరిగినవి. నలభై మంచివి చెబితే కొత్త ప్రతులు కొంటారన్నమాట.

మొహమాటపడను. ఒక్క పనికిమాలిన పుస్తకాన్ని కూడా గడప దాటనివ్వను.

జూన్ 4

మడతల బల్ల దగ్గర గొడవ.

మా పద్ధతి బయటివాళ్ళకి చెప్తే నమ్మరు. బల్ల చుట్టూ పన్నెండుమంది ఆడవాళ్ళు. పదకొండుమంది దుప్పట్లు మడతపెడుతుంటే ఒకరు స్టూలు మీద కూర్చుని పుస్తకం పైకి చదువుతారు. చదివే మనిషి వంతు దుప్పట్లు మిగతావాళ్ళు పంచుకుంటారు. ఏ రూల్సులోనూ లేదిది. నేను ఉద్యోగంలో చేరేటప్పటికే ఉంది. ఎక్కువగా చదివేది రేడియో. ఆ గొంతుకి ఆ పేరు వచ్చింది, అసలు పేరు జీతం రోజున తప్ప ఎవరికీ గుర్తు రాదు.

జాబితా సంగతి చెప్పగానే అత్త అందుకుంది. అత్త అంటే నా అత్తగారు కాదు, బల్లకి పెద్ద, అందరికీ అత్తే.

"ముగ్గురు తోడికోడళ్ళది రాశావా?"

"అది రాయను అత్తా."

"ఏం, ఎందుకని?"

"ఏడుపుగొట్టు నవల. ఆడవాళ్ళని వంటింటికి కట్టేసే రకం."

"కట్టేస్తుందా? అయితే చిన్నకోడలు ఆఖర్న ఏం చేస్తుందో చెప్పు చూద్దాం."

"అలాంటివాటికి ఆఖరు తెలియడానికి చదవాలా ఏంటి?"

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. రేడియో చేతిలో ఆ నవలే ఉంది. పదకొండుసార్లు చదివిన ప్రతి. వెన్ను ఊడిపోతే గాయాలకి కట్టే గుడ్డతో చుట్టి, కుట్లు వేసే దారంతోనే కుట్టారు. చివరి రెండు పేజీలు ఎప్పుడో పోయాయి. రేడియో వాటిని నోటికి చెప్పేస్తుంది.

"అక్కా, నలభైలో ఒక్క దెయ్యాల కథయినా ఉండాలే. లేకపోతే భోజనం అయ్యాక మా పని గోవిందా, నిలబడే నిద్రపోతాం" అంది పొట్టిది.

"దెయ్యాల కథలు కావాలంటే గోడపత్రికలో అక్క రాసేవి చదువు, అంతకన్నా భయం వేస్తుంది" అంది ఇంకెవరో. బల్ల బల్లంతా నవ్వింది. నేనూ నవ్వినట్టే పెట్టాను మొహం.

నవ్వుకోండి. ఇష్టం వేరు, అవసరం వేరు. ఈ తేడా తెలియకే ఇలా ఉన్నాం.

జూన్ 6

పదహారు అయ్యాయి. మొదటి స్థానం ఆనకట్ట కూలీల నవలకే. అందులో రెండో మాట లేదు. శ్రమ గురించి అంతకన్నా నిజాయితీగా రాసినవాళ్ళు లేరు. ఎన్ని సభల్లో చెప్పాను ఈ మాట!

జూన్ 8

నలభై పూర్తి. చరిత్ర మూడు సంపుటాలు, నేల పంపకం మీద వ్యాసాలు, జైలు ఉత్తరాలు, గని ప్రమాదం మీద నివేదిక, అన్నీ ఉన్నాయి. చివర ఒక వాక్యం రాశాను. బ్లేడులా వచ్చింది. చాన్నాళ్ళకి అంత పదునైన వాక్యం రాశాను.

మా ఆయన కళ్ళద్దాల కొట్టులో అద్దాలు అరగదీస్తాడు. ఎదుటివాడి చూపులో దోషం కనిపెట్టడం ఆయనకి ఉద్యోగం, ఇంట్లో సరదా. జాబితా అంతా చదివాడు.

"ఒక్కటీ నవ్వించేది లేదేంటే?"

"ఇది సర్కస్ కాదు."

"సరేలే. అన్నీ చదివావా?"

"ఏం ప్రశ్న అది?"

"ఊరికే అడిగా."

అన్నీ చదివాను.

జూన్ 9

ఇచ్చేశాను. సంతకం పెట్టి, తేదీ వేసి మరీ.

జూన్ 14

అన్నీ అంటే, ముఖ్యమైనవన్నీ చదివాను. చరిత్ర మూడు సంపుటాల్లో మొదటిది తొంభయ్యో పేజీ దాకా చదివాను. ఆ తర్వాత ఏం జరిగిందో చరిత్ర కాబట్టి అందరికీ తెలిసిందే.

మా ఆయన అనవసరంగా పుల్ల పెట్టాడు.

జూన్ 19, గురువారం

పొద్దున వెళ్ళేసరికి పఠనగది తలుపు మీద నోటీసు. దాని ముందు అందరూ. రేడియో పైకి చదువుతోంది. ఆ గొంతులో నోటీసు కూడా నవలలాగే ఉంది.

లాండ్రీకి కొత్తగా వస్తున్న ఆరబెట్టే యంత్రాల కోసం గది ఖాళీ చేస్తారట. నలభై పుస్తకాలు ఆఫీసరు గది బయట అద్దాల బీరువాలో ఉంచుతారట. మిగతా ఐదువందల డెబ్బై రెండూ పాత కాగితం కింద ఇరవై ఎనిమిదో తేదీ శనివారం లారీకి ఎక్కిస్తారట. బల్ల దగ్గర పైకి చదవడం ఇక ఉండదట, స్టూలు తీసేస్తారట, పన్నెండుమందీ మడతలే పెట్టాలట.

ఆ కింద కారణం: "పఠనగది కార్యదర్శి లిఖితపూర్వక అభిప్రాయం మేరకు." ఆ కింద నా వాక్యం, నా పేరుతో సహా.

"ఈ నలభై తప్ప మిగతావి కాలక్షేపం, అవి లేకపోయినా ఎవరికీ ఏ లోటూ ఉండదు."

రేడియో అక్కడికి వచ్చాక ఆగింది. నా వైపు చూడలేదు.

దగా! మర్యాదగా వచ్చి, మేడమ్ మేడమ్ అంటూ మెడకి ఉరి తగిలించి పోయాడు. నా మాటల్ని వక్రీకరించారు. వీళ్ళకి వేరే పని లేదు, ఉన్న మాటని లేనట్టు, లేని మాటని ఉన్నట్టు తిప్పి రాయడమే ఉద్యోగం.

జూన్ 20

ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

జూన్ 21, శనివారం

స్టూలు అప్పుడే తీసేశారు. బల్ల దగ్గర గుడ్డ చప్పుడు తప్ప ఇంకేం లేదు. విదిలించడం, మడవడం, చరచడం. అంతమంది ఆడవాళ్ళు అంత నిశ్శబ్దంగా ఉండడం ఈ ఇరవై రెండేళ్ళలో వినలేదు.

నేనే ముందు మాట్లాడాను. ఆఫీసరు కుట్ర గురించి, యాజమాన్యాల స్వభావం గురించి, పుస్తకం అంటే అధికారానికి ఎందుకు భయమో, మొత్తం చెప్పాను. బాగా చెప్పాను. ఎవరూ తలెత్తలేదు.

"అయిందా?" అంది అత్త.

"ఏంటత్తా అలా అంటావ్?"

"ఆఫీసరు సంగతి వాడిది. లేకపోయినా లోటు లేదన్నది ఎవరమ్మా? నీ చేత్తో రాసిందేనా?"

"నేనన్నది వేరు. విలువ గురించి అన్నాను."

"మా విలువ గురించా, పుస్తకాల విలువ గురించా?"



రేడియో మధ్యలోకి వచ్చింది. మంచిది, ఎవరి పరువూ పోకూడదనుకుంటుంది. "పోనీలే అత్తా. అక్కా, ఆ నలభైలో మొదటిది తెచ్చి నువ్వే చదువు. మేమూ వింటాం. అంత గొప్పదయితే మాకూ తెలుస్తుందిగా."

వెళ్ళి ఆనకట్ట నవల తెచ్చాను. స్టూలు లేదు, దుప్పట్ల మూట మీద కూర్చున్నాను. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. మొదటి పేజీ చదివాను. తిప్పాను. రెండు, మూడు పేజీలు ఉండాల్సిన చోట ఏమీ లేదు, ఏకంగా నాలుగుకి వెళ్ళింది. వెనక్కి తిప్పి చూశాను. పాత అచ్చు పుస్తకం. పెద్ద కాగితం మీద అచ్చేసి, మడిచి, కుట్టి, అంచులు కోయకుండానే అట్ట వేశారు. పైన కాగితాలు అంటుకునే ఉన్నాయి. చాకు పెట్టి విడదీస్తే తప్ప లోపలి పేజీలు కనపడవు. మొదటి నుంచి చివరి దాకా అంతే. మా ఆసుపత్రిలో దాని లోపలి పేజీలు ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

పొట్టిది నా భుజం మీంచి వంగి చూసింది.

"అక్కా, ఇది కోయనే లేదు!"

ఎవరూ వెంటనే నవ్వలేదు. అది నవ్వుకన్నా ఘోరంగా ఉంది. తర్వాత అత్త పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది, దానితో అందరూ. దుప్పట్లు కింద పడ్డాయి. "ఇరవై రెండేళ్ళు! ఇరవై రెండేళ్ళుగా అట్టకి దండం పెట్టించావే మాతో!"

పుస్తకం సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

జూన్ 22

ఇంకో ప్రతి చదివి ఉంటానని రాయబోయాను. రాయను.

జూన్ 23, సోమవారం

రాయాల్సింది ఇదే, రాసేస్తాను. ఇరవై ఏడేళ్ళ వయసులో ఒక సభకి వెళ్ళాను. వేదిక మీద చదువుకున్న పెద్దమనిషి ఒకాయన శ్రమ గురించి మాట్లాడాడు. లేచి ప్రశ్న అడిగాను. "అమ్మా, నువ్వేం చేస్తుంటావు? ఏం చదివావు?" అన్నాడు. అందరి ముందూ. ఆసుపత్రిలో ఉతికిన దుప్పట్లు ఎత్తి పెడతానని చెప్పాను. చదివింది మాత్రం చెప్పలేకపోయాను, ఎందుకంటే అప్పటికి చదివింది తోడికోడళ్ళ లాంటి నవలలే. పక్కన ఎవరో అంతకుముందే ఆనకట్ట నవల పేరు ఎత్తారు. అదే చెప్పాను. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "భేష్" అన్నాడు.

ఆ భేష్ తిని ఇన్నేళ్ళు బతికాను.

ఇవాళ జాబితా ముందు పెట్టుకుని, ఒక్కొక్కదాని పక్కన నిజం రాశాను. పూర్తిగా చదివినవి పందొమ్మిది. కొంత చదివినవి ఎనిమిది. అట్ట మాత్రం చూసినవి పదమూడు. అంటే నలభైలో ఇరవై ఒకటి చదవకుండానే అందరూ చదివి తీరాలని శాసించాను. తోడికోడళ్ళ నవలని మాత్రం చదవకుండానే బయటికి గెంటాను. ఒకటి చదవకుండా నెత్తిన పెట్టుకున్నాను, ఇంకోటి చదవకుండా తొక్కాను. రెండూ ఒకే పని.

మా ఆయన పక్కన కూర్చుని టీ తాగుతూ చూశాడు. ఏమీ అనలేదు. ఈసారి అంటే బాగుండేది.

జూన్ 24, మంగళవారం

ఆఫీసరు గదికి వెళ్ళాను. జాబితా వెనక్కి ఇమ్మన్నాను.

"మీ అభిప్రాయమే కదా మేడమ్. చదివి వినిపించమంటారా?"

"అక్కర్లేదు, కంఠతా వచ్చు. తప్పు రాశాను."

"మీలాంటివారు తప్పు రాయరు."

"చదవకుండా రాశాను. ఇరవై ఒకటి నేను చదవనే లేదు."

ఇది చెప్పడానికి నాకు ఇరవై రెండేళ్ళు పట్టింది. వాడు కుర్చీలో వెనక్కి వాలి హాయిగా నవ్వాడు.

"చూశారా మరి? మీరే చదవనివి ఇంకెవరు చదువుతారు? పోనీ పందొమ్మిదే ఉంచుదామా? బీరువాలో చోటు కూడా మిగులుతుంది."

బుద్ధి తెచ్చుకుని నిజం చెబితే దాన్ని కూడా కత్తెరలా వాడేవాడితో ఇంకేం మాట్లాడతాం? నిజం చెప్పినందుకు మాత్రం చింత లేదు. వాడి ముందు చెప్పినందుకే.

తిన్నగా బల్ల దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఈసారి యాజమాన్యాల స్వభావం గురించి ఏమీ చెప్పలేదు. "నా వల్లే పోతున్నాయి. నాకేం తోచడం లేదు" అన్నాను.

అత్త మడత ఆపలేదు. "లారీ ఎప్పుడన్నావ్?"

"శనివారం."

"రోజుకి మూటలెన్ని పోతాయి వార్డులకి?"

"రెండు వందలు."

అత్త చేతిలో దుప్పటి పక్కన పెట్టింది. పఠనగదిలోకి వెళ్ళి, దెయ్యాల కథల పుస్తకం ఒకటి తెచ్చి, ఐదో దుప్పటి మీద పెట్టి, దాని మీద ఆరో దుప్పటి పరిచి, పది దుప్పట్ల మూట కట్టి, ట్రాలీలో వేసింది. చరిచి మరీ వేసింది.

పొట్టిది, "అత్తా, అది నేనింకా పూర్తి చెయ్యలేదు!" అంది.

"మూడో వార్డుకి పోతోంది. జ్వరం తెచ్చుకుని వెళ్ళి చదువుకో."

జూన్ 25

నూట తొంభై ఆరు మూటలు.

నాకు మూట కట్టడం రాదు. ఇన్నేళ్ళు మూటలు ఎత్తాను, రాసుకున్నాను, ఒక్కటీ కట్టలేదు. రేడియో నేర్పింది. "అంచు లోపలికి పెట్టక్కా, లేకపోతే పుస్తకం జారిపోతుంది." పుస్తకాలు అందిస్తూ కొన్ని పేజీలు నిలబడి చదివాను. తిట్టారు.

జూన్ 26

ఇది దొంగతనమా అని మా ఆయన అడిగాడు. కాదు. ఆసుపత్రి ఆస్తి ఆసుపత్రిలోనే ఉంది. గదిలో లేదు, అంతే.

జూన్ 27

ఐదువందల డెబ్బై రెండూ వెళ్ళిపోయాయి. ఆఖర్న తోడికోడళ్ళు. వద్దు, మనం ఉంచుకుందాం అన్నాను. రేడియో ఒప్పుకోలేదు. "నాకు నోటికొచ్చుగా. రానివాళ్ళకి పోనీ." ఆరో వార్డు మూటలో పెట్టింది.

పంపేముందు ఒక పూట అడిగి తీసుకుని చదివాను. గొప్ప పుస్తకం కాదు, ఈ మాట ఇప్పటికీ అంటాను. మొదటి సగం సాగదీత. పెద్దకోడలు ఏడ్చినన్ని కన్నీళ్ళతో మా లాండ్రీ నడపొచ్చు. కానీ చిన్నకోడలు వంటింటికి కట్టుబడే మనిషి కాదు. ఆ సంగతి పదకొండుసార్లు విన్నవాళ్ళకి నేను పాఠం చెప్పాను.

జూన్ 28, శనివారం

లారీ వచ్చింది. ఆఫీసరు తాళం తీయించాడు. అరలన్నీ ఖాళీ. ఒక్క అరలో నా జాబితాలోవి ముప్పై తొమ్మిది, బుద్ధిగా నిలబడి ఉన్నాయి. ఆనకట్ట నా సంచిలో ఉంది.

"పుస్తకాలేవి?" అన్నాడు.

"ఏ పుస్తకాలు బాబూ?" అంది అత్త. "లేకపోయినా ఎవరికీ లోటు లేనివేనా? వాటి కోసం అంత కంగారేంటి?"

నా వాక్యం నాకు పనికొచ్చిన రోజు ఇదొక్కటే.

అప్పుడే ఆరో వార్డు పెద్ద నర్సు ఫోను చేసింది. దుప్పట్ల మూటలో వచ్చిన నవలకి చివరి రెండు పేజీలు లేవట, నడుం విరిగిన పేషెంటు ఒకామె అవి వచ్చేదాకా ఇంజెక్షన్ వద్దంటోందట, ఎవరినైనా పంపమంది. ఫోను ఎత్తింది ఆఫీసరే. మొహం చూసి తీరాలి. రేడియో చేతులు తుడుచుకుని, అనుమతి అడక్కుండా, మెట్లెక్కి వెళ్ళిపోయింది.

సోమవారం పది గంటలకి విచారణ. నన్ను సస్పెండ్ చేస్తారట, పన్నెండుమందికీ మెమోలట.

జూన్ 29, ఆదివారం

పొద్దున్నే కూరగాయల కత్తి పెట్టి ఆనకట్ట పేజీలు విడదీశాను. సాయంత్రానికి నూట ముప్పై పేజీలు చదివాను. చాలా బాగుంది. మంటంతా అదే. ఇంత బాగున్నదాన్ని ఇన్నేళ్ళు చదవకుండా పొగిడాను, పొగడ్త ఒక్కటీ దానికి సరిపోలేదు. నేను సభల్లో చెప్పింది ఇందులో లేదు. ఇందులో ఉన్నది నేనెప్పుడూ చెప్పలేదు.

నా కోసం ఒక జాబితా రాసుకున్నాను. నేను తప్పక చదవాల్సినవి. ఇరవై ఒకటి. ఎవరికీ చూపించను.

మధ్యాహ్నం అత్త, రేడియో ఇంటికి వచ్చారు. రేపు చదివే కాగితం ముగ్గురం కూర్చుని రాశాం. శిక్షంతా నాకే వేయమని మొదట రాశాను. అత్త పెన్ను లాక్కుని కొట్టేసింది. "మూట మేం కట్టాం. పేరు నీకెందుకు?" అంది. మా ఆయన తీర్మానంలో ఒక్క జోకైనా ఉండాలన్నాడు. టీ పెట్టమని లోపలికి పంపాం.

సాఫు ప్రతి ఇదీ.

1. జూన్ 9న ఇచ్చిన నలభై పుస్తకాల జాబితా రద్దు చేయాలి. అందులో ఇరవై ఒకటి చదవకుండా రాసినది కార్యదర్శి. ఆ సంగతి నోటీసు అంటించిన తలుపు మీదే అంటించాలి.

2. పఠనగది ఉన్నచోటే ఉండాలి. యంత్రాలకి వేరే చోటు చూడాలి. పాత సామాన్ల షెడ్డు ఖాళీగానే ఉంది.

3. బల్ల దగ్గర పైకి చదవడం కొనసాగాలి. స్టూలు తిరిగి ఇవ్వాలి.

4. వార్డుల్లో ఉన్న పుస్తకాలని చదువుతున్నవాళ్ళ చేతుల్లోంచి లాక్కోకూడదు. చదవడం అయ్యాక అవే వస్తాయి. రాకపోతే ఇంకా చదువుతున్నట్టు.

5. మెమోలు ఇస్తే పదమూడు ఇవ్వాలి. తక్కువైతే తీసుకోం.

6. పుస్తకాలు కొనేముందు మమ్మల్ని అడగాలి. బల్ల దగ్గరున్న అందర్నీ అడగాలి. కార్యదర్శిని ఒక్కదాన్నే అడగకూడదు.